ఆ బటన్ తీసెయ్యండి బాబూ

మొన్నొక రాత్రి పన్నెండు దాటాక, డిప్లాయ్‌మెంట్ ఎప్పుడు మొదలవుతుందా అని ఆవలిస్తూ కూచునుంటే ఫోన్ మోగింది. అమెరికా నుంచి మా పాత ప్రాజెక్ట్‌మేట్. హలో లేదు, ఎలా ఉన్నావ్ లేదు. "రేయ్, ఇక్కడ కూడా తీసెయ్యమన్నార్రా" అన్నాడు.

వాడు అక్కడ మాస్టర్స్ చేస్తున్నాడు. చివర్లో కాప్‌స్టోన్ అని ఒకటుంటుంది. ఐదారుగురు విద్యార్థుల్ని ఒక టీమ్‌గా కట్టి ఒక నిజమైన క్లయింటుకి అప్పజెప్తారు. వీళ్ళకి తగిలిన క్లయింటు ఒక నగర ప్రభుత్వం. రోడ్డు మీద గుంతలు, వెలగని వీధి దీపాలు, ఎత్తని చెత్త - జనం ఇచ్చిన ఫిర్యాదులు ఎన్నాళ్ళకి తీరుతున్నాయో లెక్కగట్టి పెట్టమన్నారు. వీళ్ళు కట్టారు. ఊరు మొత్తానికి సగటు బాగానే ఉంది. పేటలవారీగా విడదీసి చూస్తే మాత్రం, డబ్బున్న పేటలో గుంత పూడ్చడానికి పట్టే రోజులకీ బీదవాళ్ళ పేటలో పట్టే రోజులకీ పొంతనే లేదు. డ్రాఫ్ట్ రివ్యూలో క్లయింటు తరఫు ఆవిడ ఎంతో మర్యాదగా, నవ్వుతూ, ఆ ఒక్క స్లైడూ "ప్రస్తుతం స్కోప్‌లో లేదు" అందిట.

"ఇక్కడ కూడా" అని వాడెందుకన్నాడో మీకు చెప్పాలి.

బీటెక్ ఫైనలియర్‌లో మా క్లాసులో ముప్పాతికమంది ప్రాజెక్టులు అమీర్‌పేటలో కొన్నవే. కోడు, డాక్యుమెంటేషను, వైవాలో అడగబోయే ప్రశ్నలూ వాటి జవాబులూ, అన్నీ కలిపి ఒకటే ప్యాకేజీ. మేం నలుగురం మాత్రం సొంతంగా చేద్దామని మా ఊరి మునిసిపాలిటీకి వెళ్ళాం. (ఆదర్శం అనుకునేరు. మావాడి మేనమామ అక్కడ పనిచేసేవారు, ఫ్రీగా సర్టిఫికెట్ ఇప్పిస్తానన్నారు.) బస్టాండు పక్కన మునిసిపల్ షాపుల కాంప్లెక్సు ఉంది. వేలంలో పాడుకున్నవాళ్ళ పేర్లు, అద్దెలు, బాకీలు అన్నీ లావుపాటి రిజిస్టర్లలో ఉండేవి. డిమాండు, కలెక్షను, బ్యాలెన్సు - మూడు కాలమ్‌లు. వాటిని డేటాబేస్‌లోకి ఎక్కించడం మా పని. రెండు నెలలు దుమ్ము పీలుస్తూ టైపు చేశాం. పాట పాడినవాడొకడు, షాపులో కూర్చున్నవాడొకడు, అద్దె ఇచ్చేది ఇంకొకడికి... అవన్నీ మాకక్కడే తెలిశాయి.

డెమో రోజున ఒక బటన్ నొక్కి చూపించాం. మూడేళ్ళు దాటిన బాకీలు, పేర్లతో సహా, పెద్ద మొత్తం పైన వచ్చేట్టు. మేం తెగ మురిసిపోతూ పెట్టిన ఫీచరది. ఆఫీసరుగారు కళ్ళజోడు సవరించుకుని మొదటి ఐదు పేర్లూ చదివారు. "చాలా బాగుంది బాబూ. ఆ బటన్ మాత్రం తీసెయ్యండి" అన్నారు. ఎందుకు సార్ అంటే, "పైవాళ్ళు చూస్తే నన్నడుగుతారు. నేను చూస్తే వీళ్ళనడగాలి. ఇప్పుడు బానే ఉన్నాం కదా" అన్నారు. కోప్పడలేదు, బెదిరించలేదు. టీ కూడా తెప్పించారు.

రెండు నిమిషాల పని. తీసేశాం. సర్టిఫికెట్ వచ్చింది, మార్కులొచ్చాయి, రెజ్యూమెలో 'రియల్ టైమ్ గవర్నమెంట్ ప్రాజెక్ట్' అని రాసుకున్నాం. ఉద్యోగాలూ వచ్చాయి.

ఆ ఫోను వచ్చిన దగ్గర్నుంచీ నన్నొకటే పురుగు తొలుస్తోంది. చదువుకునే పిల్లల్ని సర్కారు ఆఫీసులోకి పంపి, పని నేర్చుకుంటూ ఆఫీసుక్కూడా పనికొచ్చేదేదో చేసి పెట్టండి అనే ఈ పద్ధతి అసలు ఎక్కడ మొదలైంది? అప్పుడు కూడా ఇలాగే బటన్లు తీయించేవాళ్ళా? చదువుతూ చదువుతూ పోతే న్యూయార్క్‌లో తేలాను, 1906లో.

ఐదు బరోలు కలిసి ఇప్పటి న్యూయార్క్ నగరం ఏర్పడింది 1898లో. దాని రాజకీయమంతా టామనీ హాల్ గుప్పిట్లో ఉండేది. పేరుకి డెమొక్రటిక్ పార్టీ స్థానిక సంఘం. పనిలో మాత్రం మనకి బాగా తెలిసిన వ్యవహారమే. చలికాలం బొగ్గు కావాలన్నా, కుర్రాడికి ఉద్యోగం కావాలన్నా, పోలీసుస్టేషన్ నుంచి విడిపించాలన్నా వార్డులో టామనీ మనిషొకడు ఉండేవాడు. బదులుగా ఓటు. వీళ్ళని దింపాలనుకున్న పెద్దమనుషులంతా "దొంగలు, దొంగలు" అని అరిచేవాళ్ళు, ఒక ఎన్నిక గెలిచేవాళ్ళు, తర్వాతది ఓడిపోయేవాళ్ళు.

ముగ్గురు మనుషులు వేరే దారి పట్టారు. విలియం అలెన్ బీదలకి సాయం చేసే సంస్థ నుంచి వచ్చినవాడు. హెన్రీ బ్రూయెర్ కుర్రవాడు, తిరిగి చూసే రకం. ఫ్రెడరిక్ క్లీవ్‌లాండ్ ఎకౌంట్స్ మనిషి. ఇంగ్లీషు అక్షరాల్లో ముగ్గురి ఇంటిపేర్లూ కలిపితే ఏ, బీ, సీ. అందరూ అలాగే పిలిచేవాళ్ళుట. వీళ్ళు ఎవర్నీ దొంగ అనలేదు. ఎంత ఖర్చు పెట్టారు, దానికి ఏం వచ్చింది అని మాత్రమే అడిగారు. 1906లో చిన్నగా మొదలుపెట్టి, 1907లో బ్యూరో ఆఫ్ మునిసిపల్ రీసెర్చ్ అని రిజిస్టర్ చేశారు. డబ్బు ఫుల్టన్ కటింగ్, కార్నెగీ, రాక్‌ఫెల్లర్ లాంటి మహా ధనవంతులది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

వాళ్ళ మొదటి దెబ్బ మాన్‌హట్టన్ బరో ప్రెసిడెంటు జాన్ ఎహర్న్ మీద. రోడ్ల మరమ్మతులు, ప్రభుత్వ భవనాలు, స్నానశాలలు అతని కింద ఉండేవి. బ్యూరో వాళ్ళు కాగితాల్లో ఉన్నదీ, వీధిలో ఉన్నదీ పక్కపక్కన పెట్టారు. 'మాన్‌హట్టన్‌ని ఎలా పాలిస్తున్నారు' అనే అర్థం వచ్చే పేరుతో 1906లో ఒక రిపోర్టు అచ్చేసి జనానికిచ్చారు. టామనీ వాళ్ళకి మండి, రీసెర్చ్ అన్న మాట తీసేసి దాని బదులు ప్రాస కుదిరేట్టు 'బురదజల్లుడు బ్యూరో' లాంటి పేరొకటి పెట్టి ఎక్కిరించారు. అయినా విచారణ తప్పలేదు. ఆ విచారణ నడిపిన జాన్ పురాయ్ మిచెల్ అనే ఇరవయ్యేడేళ్ళ కుర్ర లాయరుకి రాత్రికి రాత్రి పేరొచ్చింది. 1907 డిసెంబరులో రాష్ట్ర గవర్నరు హ్యూస్ ఎహర్న్‌ని పదవినుంచి తీసేశాడు.

తమాషా ఏంటంటే, కొద్దిరోజుల్లోనే మాన్‌హట్టన్ ఆల్డర్‌మెన్, అంటే మన కౌన్సిలర్ల లాంటి వాళ్ళు, ఖాళీ అయిన ఆ సీటుకి మళ్ళీ ఎహర్న్‌నే ఎన్నుకున్నారు! చివరికి 1909లో కోర్టు చెల్లదంటే గానీ అతను కదల్లేదు. ఇది చదివినప్పుడు మనవాళ్ళని ఊరికే ఆడిపోసుకుంటాం అనిపించింది.

నాకు వీళ్ళలో బాగా నచ్చింది వేరే. లెక్కల్ని వీళ్ళు ఆఫీసుకి మాత్రమే చెప్పి ఊరుకోలేదు. 1908లో నగర బడ్జెట్ మీద ఒక ఎగ్జిబిషన్ పెట్టారు. బడ్జెట్‌కి ఎగ్జిబిషనేంటి అనుకుంటారు కదా? మన నాంపల్లి నుమాయిష్‌లో గవర్నమెంటు స్టాళ్ళు ఉంటాయి చూడండి, ఏ శాఖ ఎంత అభివృద్ధి చేసిందో చెప్పేవి. ఇది సరిగ్గా దానికి తిరగేసి. నగరం కొన్న వస్తువుల్ని, చిన్న కొక్కేల దగ్గర్నుంచి, అక్కడ పెట్టి, బజార్లో దాని ధరెంత, నగరానికి పడ్డదెంత అని చూపించారు. జనం వేలల్లో వచ్చారు. ఆ తర్వాత 1910, 1911ల్లో నగర ప్రభుత్వమే స్వయంగా బడ్జెట్ ఎగ్జిబిషన్లు పెట్టింది. ఇవి కాక అలెన్‌కి పోస్టుకార్డుల పిచ్చి. ఒక కార్డు, ఒక నిజం. వేలమందికి పోస్టు చేసేవాడు. బడుల్లో లోపాలు, ఆసుపత్రుల్లో ఖర్చులు, ఏదైనా సరే. ఇవాళ అతనుంటే రోజూ ట్విట్టర్‌లో ఎవరో ఒకరితో గొడవ పడుతూ ఉండేవాడు, సందేహం లేదు.

అంటే బ్యూరో లెక్క ప్రకారం క్లయింటు కమిషనరు కాదు, మేయరు కాదు. పన్ను కట్టేవాడు, కుళాయి దగ్గర నిలబడేవాడు.

ఇక చదువు సంగతి. 1909లో హారిమన్ అనే రైల్వే కోటీశ్వరుడు చనిపోయాడు. ఆస్తంతా భార్య మేరీ హారిమన్‌కి వచ్చింది. ఆస్తితోపాటే సాయం చెయ్యమని ఉత్తరాలు కూడా వేలకొద్దీ వచ్చిపడ్డాయి. వాటిని వర్గాలు చేసి విశ్లేషించే పని అలెన్ నెత్తిన వేసుకున్నాడు (1912లో దాని మీద ఏకంగా పుస్తకం కూడా రాశాడు. ఉత్తరాలక్కూడా డేటా అనాలిసిస్!). ఆవిడకి ఇంకో ఆలోచన ఉండేది. డాక్టరుకీ లాయరుకీ చదువుండగా నగరాన్ని నడిపేవాడికి ఎందుకుండదు? ఆవిడ డబ్బు, బ్యూరో పని, రెండూ కలిసి 1911లో ట్రైనింగ్ స్కూల్ ఫర్ పబ్లిక్ సర్వీస్ మొదలైంది. అమెరికాలో ఇలాంటిది అదే మొదటిదని చెబుతారు.

ఈ స్కూల్లో క్లాసురూము తక్కువ, వీధి ఎక్కువ. చేరేవాళ్ళకి అప్పటికే డిగ్రీలుండేవి. వాళ్ళని బ్యూరో అప్పటికి చేస్తున్న అసలు పనుల్లోనే పడేసేవాళ్ళు. ఎకౌంట్ పుస్తకాలు తిరగెయ్యడం, ఆఫీసుల్లో కూర్చుని ఏ కాగితం ఎవరి టేబుల్ మీదనుంచి ఎవరి టేబుల్ మీదకి వెళ్తుందో రాసుకోవడం, రిపోర్టు డ్రాఫ్టు చెయ్యడం. మనం జాయినైన కొత్తలో 'ఆస్-ఈజ్ ప్రాసెస్ డాక్యుమెంట్' అని ఒకటి రాయిస్తారు చూడండి, ఆ చాకిరీ తాత ముత్తాతలు వీళ్ళే. కొన్నాళ్ళకి వేరే ఊళ్ళ నుంచి పిలుపులొచ్చాయి. 1914లో డెన్వర్, 1915లో రాచెస్టర్, 1916లో శాన్‌ఫ్రాన్సిస్కో, 1917లో రిచ్‌మండ్. ఊరు ఊరంతా సర్వే చేసి లావుపాటి పుస్తకాలు వేసేవాళ్ళు. అయితే పిలిచేది ఎప్పుడూ ఆ ఊరి ప్రభుత్వమే కాదు. డెన్వర్‌లో పిలిచింది పన్ను కట్టేవాళ్ళ సంఘం. రాచెస్టర్ సర్వే వెనక ఉన్నది కొడాక్ కెమెరాల జార్జ్ ఈస్ట్‌మన్ పెట్టించిన సంస్థ. అంటే బిల్లు కట్టేది మళ్ళీ డబ్బున్నవాళ్ళే.

ఆ స్కూల్లో చేరిన కుర్రాళ్ళలో ఒకడి పేరు రాబర్ట్ మోజెస్. 1913లో చేరాడు. బాగా డబ్బున్న ఇంటి పిల్లాడు, యేల్, ఆక్స్‌ఫర్డ్ అయిపోయాయి, కొలంబియాలో డాక్టరేట్ నడుస్తోంది. స్కూలు పనులు విసుగనిపించి కొన్నాళ్ళకే జీతం లేకపోయినా సరే బ్యూరోలో పని చేస్తానన్నాడు. అక్కడ సెక్రటరీగా ఉన్న మేరీ సిమ్స్‌ని 1915లో పెళ్ళి చేసుకున్నాడు కూడా. అప్పటికి ఎహర్న్ కేసు లాయరు మిచెల్ న్యూయార్క్ మేయరైపోయాడు (1914 నుంచి). నగర ఉద్యోగుల సంస్కరణ పని ఈ మోజెస్ చేతికొచ్చింది. అతను ఏం చేశాడో వింటే మీకు గుండె కలుక్కుమంటుంది. ప్రతి ఉద్యోగాన్నీ చిన్న చిన్న పనులుగా విడగొట్టి, ప్రతి పనికీ అంకెల్లో రేటింగ్ ఇచ్చి, ఆ అంకెల్ని బట్టి జీతాలూ ప్రమోషన్లూ ఇవ్వాలన్నాడు. అవును, అప్రైజలే! మేనేజరుకి నచ్చినవాడికి నాలుగు, నచ్చనివాడికి రెండు అని తెలుసుకోవడానికి మనకి ఒక్క సైకిల్ చాలు. వేలమంది నగర ఉద్యోగులు మీటింగులకొచ్చి అతన్ని మాట్లాడనివ్వకుండా గోల చేశారు. 1917 ఎన్నికల్లో మిచెల్ చిత్తుగా ఓడిపోయాడు, టామనీ మళ్ళీ వచ్చింది, మోజెస్ ఉద్యోగం ఊడింది.

ఆ తర్వాత కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రాబర్ట్ కేరో 1974లో రాసిన లావుపాటి జీవితచరిత్ర 'ద పవర్ బ్రోకర్' ఇతని మీదే. ఓటు ద్వారా ఒక్క పదవీ గెలవకుండానే 1968 దాకా న్యూయార్క్ పార్కులూ బ్రిడ్జిలూ హైవేలూ తన ఇష్టప్రకారం కట్టించాడు. బ్రాంక్స్ మధ్యలోంచి వేసిన ఎక్స్‌ప్రెస్‌వే కోసం ఒక్క ఈస్ట్ ట్రెమాంట్ పేటలోనే పదిహేను వందల పైచిలుకు కుటుంబాల్ని లేపేశాడు. దారి కొంచెం పక్కకి జరిపితే చాలని వాళ్ళు మొత్తుకున్నా వినలేదు. లెక్క కట్టడం ఎలాగో ఆ స్కూలు నేర్పింది. ఆ లెక్క ఎవరికి చెప్పాలో అతను నేర్చుకున్నట్టు నాకనిపించదు. అయినా ఒక్క స్టూడెంటుని బట్టి స్కూలుని తిట్టడం భావ్యం కాదనుకోండి.

ఇప్పుడు రాక్‌ఫెల్లర్ సంగతి. నా ఉద్దేశంలో అసలు మలుపు 1914లో ఉంది.

మిచెల్ మేయరయ్యాక బ్యూరో వాళ్ళకి పండగే. బ్రూయెర్ అయితే నగర ప్రభుత్వంలోనే చాంబర్లేన్ అనే పెద్ద పదవిలో చేరిపోయాడు. క్లీవ్‌లాండ్ అప్పటికే అధ్యక్షుడు టాఫ్ట్ దగ్గర కమిషన్ నడిపి వచ్చినవాడు. అంటే నిన్నటిదాకా కిటికీలోంచి తొంగిచూసిన వాళ్ళు ఇవాళ కుర్చీలో కూర్చున్నారు. మనవాడే కుర్చీలో ఉన్నప్పుడు పోస్టుకార్డు ఎవరి మీద వెయ్యాలి? అలెన్ మాత్రం ఆపలేదు. బడుల మీద కార్డులు వేస్తూనే ఉన్నాడు. ఆ ఏడాదే గొడవ బయటపడింది. విరాళం కొనసాగాలంటే రాక్‌ఫెల్లర్ మనుషులు షరతులు పెట్టారని అలెన్ ఆరోపించాడు. ఊరి బయట సర్వేలు మానాలి, ట్రైనింగ్ స్కూలుని వదిలించుకోవాలి, బడుల మీద విమర్శ తగ్గాలి, పోస్టుకార్డులు ఆపాలి. కటింగూ, క్లీవ్‌లాండూ అలాంటిదేం లేదన్నారు. అలెన్ రాజీనామా చేసి బయటికెళ్ళి వేరే సంస్థ పెట్టుకున్నాడు.

ఎవరిది నిజం? పైపైన చూస్తే అలెన్ అతి చేశాడనిపిస్తుంది. ఎందుకంటే అతను వెళ్ళాక కూడా స్కూలు నడిచింది, ఊరి బయట సర్వేలూ జరిగాయి. పైన చెప్పిన రాచెస్టరు, శాన్‌ఫ్రాన్సిస్కో, రిచ్‌మండూ అన్నీ ఆ తర్వాతవే. కానీ తర్వాత వచ్చిన రిపోర్టులు ఎవరిని ఉద్దేశించి రాశారో చూస్తే తేడా కనిపిస్తుంది. భాష మారింది. వీధిలో మనిషి చదివే కరపత్రం పోయి, అధికారి చదివే పుస్తకం వచ్చింది. ఏం తప్పు జరిగింది అన్న ప్రశ్న పోయి, ఆఫీసుని ఎలా అమర్చాలి అన్న ప్రశ్న వచ్చింది. రెండో ప్రశ్న చెడ్డదని నేననను. దాని మీదే కదా మనందరి జీతాలు. కానీ మొదటి ప్రశ్న అడిగే కుర్చీ ఖాళీ అయిపోయింది. ఎవరూ బటన్ తియ్యమని ఆర్డరెయ్యక్కర్లేదు. బటన్ పెట్టే మనిషిని ఇంటికి పంపితే చాలు.

1915లో స్కూలు బాధ్యత చార్లెస్ బియర్డ్‌కి వచ్చింది. అమెరికా రాజ్యాంగం రాసినవాళ్ళ ఆర్థిక ప్రయోజనాలేంటో తవ్వి 1913లో పుస్తకం రాసి తిట్లు తిన్న చరిత్రకారుడు ఈయనే. 1917లో సాటి ప్రొఫెసర్లని యుద్ధాన్ని వ్యతిరేకించారని తీసేస్తే కొలంబియా ఉద్యోగాన్ని వదిలేసి వచ్చేశాడు. 1922లో టోక్యో మేయరు గోటో షింపెయ్ పిలిస్తే జపాన్ వెళ్ళి అక్కడ కూడా ఇలాంటి నగర పరిశోధనా సంస్థకి సలహా ఇచ్చాడు. 1923 భూకంపం తర్వాత మళ్ళీ వెళ్ళాడు. ఇలాంటి మనిషి ఇంకో పదేళ్ళుంటే స్కూలు ఏమయ్యేదో గానీ, ఉండలేదు. స్కూలు కూడా న్యూయార్క్‌లో ఉండలేదు. 1924లో సిరక్యూస్ యూనివర్సిటీకి తరలిపోయింది. జార్జ్ మాక్స్‌వెల్ అనే పేటెంట్ లాయరు ఇచ్చిన డబ్బుతో మాక్స్‌వెల్ స్కూలైంది. మొదటి డీన్ విలియం మోషర్ కూడా బ్యూరో నుంచి వెళ్ళినవాడే. అలా ఇది యూనివర్సిటీ డిగ్రీ అయింది. తర్వాత దశాబ్దాల్లో అమెరికా అంతటా పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, పబ్లిక్ పాలసీ స్కూళ్ళు పుట్టుకొచ్చాయి. చాలావాటిలో చివర్లో ఒక టీమ్, ఒక క్లయింటు, ఒక రిపోర్టు. మావాడి కాప్‌స్టోన్ కూడా ఆ చెట్టు కొమ్మే.

ఇదంతా ఎక్కడో అమెరికా గోల, మనకెందుకు అనుకుంటున్నారా? గ్రూప్-1కో సివిల్స్‌కో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివిన ఫ్రెండెవరైనా ఉంటే పోస్డ్‌కార్బ్ అంటే ఏంటని అడగండి. నిద్రలో లేపినా చెప్తాడు. ప్లానింగ్, ఆర్గనైజింగ్ దగ్గర్నుంచి బడ్జెటింగ్ దాకా మొదటి అక్షరాలు కలిపి ఆ మాట 1937లో ప్రచారంలోకి తెచ్చిన లూథర్ గ్యులిక్ ఆ ట్రైనింగ్ స్కూలు విద్యార్థే. ఆ బ్యూరోని తర్వాత దశాబ్దాలపాటు నడిపినవాడు కూడా. ఇంకోటి. 1953లో మన కేంద్ర ప్రభుత్వం ఆహ్వానం మీద ఫోర్డ్ ఫౌండేషన్ తరఫున వచ్చి మన పరిపాలన మీద రిపోర్టు ఇచ్చిన పాల్ ఆపిల్‌బీ ఎవరనుకున్నారు? అప్పటి మాక్స్‌వెల్ స్కూలు డీన్. ఆ రిపోర్టు మీదే 1954లో ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ వచ్చింది. ఫైళ్ళు ఎలా కదలాలి, పద్ధతులు ఎలా ఉండాలి అని చూసే ప్రత్యేక విభాగం కూడా ప్రభుత్వంలో పెట్టారు.

చూశారా, మన దాకా వచ్చింది 1914 తర్వాతి సరుకు. ఆఫీసుని అమర్చే విద్య వచ్చింది. కొక్కేన్ని జనం ముందు పెట్టే విద్య రాలేదు. అది మనవాళ్ళు సొంతంగా మళ్ళీ కనిపెట్టుకున్నారు, యూనివర్సిటీలతో పనిలేకుండా. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానా అనే ఊళ్ళో కూలీల సంఘం వాళ్ళు ప్రభుత్వ పనుల మస్టర్లు అందరి ముందూ బయటికి చదివారు. చచ్చిపోయినవాళ్ళ పేర్లు, ఊళ్ళోనే లేనివాళ్ళ పేర్లు చదువుతుంటే జనమే సాక్షులు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చిందంటే దాని వెనక ఇలాంటి సభలున్నాయి. ఆ మరుసటేడు నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ మొదలుపెట్టారు. 2009లో దానికో ప్రత్యేక సంస్థే పెట్టారు. కూలీల ఇళ్ళలోని పిల్లలే శిక్షణ తీసుకుని గడపగడపకీ తిరిగి, రికార్డులో ఉన్నదీ మనిషి చెప్పిందీ పోల్చి, చివర్లో ప్రజావేదికలో అందరి ముందూ చదువుతారు. నన్నడిగితే ఏ, బీ, సీల అసలు వారసులు వీళ్ళే. వీళ్ళలో చాలామందికి పెద్ద డిగ్రీల్లేవు.

యూనివర్సిటీల్లో అందరూ ఒకేలా లేరు, అది కూడా చెప్పాలి. ఒరెగాన్ యూనివర్సిటీ 2009లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. ఏడాదికో ఊరు. ఆ ఏడాది రకరకాల డిపార్ట్‌మెంట్ల క్లాసులన్నీ ఆ ఊరి సమస్యల మీదే ప్రాజెక్టులు చేస్తాయి. మొదట గ్రెషమ్, తర్వాత సేలమ్, ఆ తర్వాత స్ప్రింగ్‌ఫీల్డ్. చాలా చోట్ల దీన్ని చూసి మొదలుపెట్టారు. ఇందులో నాకు నచ్చిన ముక్క చిన్నది. ఆ రిపోర్టుల్ని యూనివర్సిటీ డిజిటల్ లైబ్రరీలో పెడతారు, ఎవరైనా దించుకుని చదవచ్చు. పార్కుల మీదా సైకిల్ దారుల మీదా రాసినవే ఎక్కువ, ఎవరి సీటూ కదిలే బాపతు కాదు. అయినా తలుపు తెరిచి ఉంది. మన ఇంజనీరింగ్ కాలేజీల ప్రాజెక్టు రిపోర్టులు నల్ల బైండింగు, బంగారు అక్షరాలు వేయించుకుని బీరువాలో పడుకుంటాయి. మాదీ అంతే. అది మునిసిపాలిటీ మీద రాసిందని ఆ ఊళ్ళో నలుగురికి కూడా తెలీదు.

నిన్న ఆదివారం మావాడికి మళ్ళీ ఫోన్ చేశాను, ఏం చేశార్రా చివరికి అని. టీమ్‌లో ఓటింగ్ పెట్టుకున్నార్ట. ఐదుగురిలో ముగ్గురు తీసేద్దామన్నారు. ఆ ముగ్గురిలో ఇద్దరికి చదువవ్వగానే ఉద్యోగం దొరక్కపోతే వీసా కష్టం. క్లయింటు మంచిమాట రాసిస్తే రెజ్యూమెకి బలం. తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. మధ్యేమార్గంగా పేటలవారీ పట్టికని స్లైడ్లలోంచి తీసి రిపోర్టు వెనక అనుబంధంలో పెట్టార్ట. 61వ పేజీ.

"నువ్వెటు వేశావ్?" అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. "లోను ఉంది కదరా" అన్నాడు. అని, "మన షాపుల బటన్ కోడ్ నీ దగ్గరుందా ఇంకా?" అనడిగాడు.

ఉంది. పాత హార్డ్ డిస్క్‌లో చూశాను. అప్పుడు మేం డిలీట్ చెయ్యలేదు, ఆ పది లైన్లూ కామెంట్ చేసి వదిలేశాం. బాకీదార్ల డేటా కూడా అలాగే ఉంది, మొదటి ఐదు పేర్లతో సహా. అందులో ఒకాయన ఇప్పుడు మా ఊళ్ళో కౌన్సిలరు.